డీఓ కాలేజీ సీటు ఒప్పుకునే ముందు మూడో ఏడాది ఎక్కడ గడుస్తుందో అడగండి

అమెరికాలో మెడికల్ స్కూల్ సీటు గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు వచ్చే ప్రశ్నలు దాదాపు అందరివీ ఒకటే: ఫీజు ఎంత, ఇంటికి ఎంత దూరం, పేరున్న కాలేజీయేనా, మ్యాచ్ (డిగ్రీ తర్వాత స్పెషాలిటీ శిక్షణకి, అంటే రెసిడెన్సీకి, సీట్లు కేటాయించే పద్ధతి) ఎంత శాతం. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్; అమెరికాలో ఎండీ లాగే డాక్టరయ్యే ఇంకో డిగ్రీ) కాలేజీల విషయంలో మాత్రం వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మూడో ఏడాది, నాలుగో ఏడాది మీ అమ్మాయో అబ్బాయో ఏ ఊళ్లో, ఏ హాస్పిటల్లో, ఎవరి చేతికింద పని నేర్చుకుంటారు? నేను ఒక కమ్యూనిటీ హాస్పిటల్లో ఇంటర్నల్ మెడిసిన్ అటెండింగ్‌ని, అంటే టీమ్‌ని నడిపే సీనియర్ డాక్టర్ని. వేర్వేరు డీఓ కాలేజీల నుంచి పిల్లలు మా టీమ్‌లోకి రొటేషన్‌కి (కొన్ని వారాల పోస్టింగుకి) వస్తుంటారు. తెలివిలోనూ కష్టపడటంలోనూ సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరు మొదటి వారంలోనే పేషెంటు కేసు తడబడకుండా చెప్పి, ప్లాన్ కూడా తామే ప్రతిపాదిస్తారు. ఇంకొకరు నోట్ (పేషెంటు చార్టులో రాసేది) ఎలా మొదలుపెట్టాలో తెలియక కంప్యూటర్ ముందు కూర్చుని ఇబ్బంది పడతారు. ఆ రెండోవాళ్ల తప్పేమీ ఉండదు, అంతకుముందు వాళ్లని పంపిన చోట్ల నోట్ రాయనిచ్చినవాళ్లే లేరు. చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే సీటు ఒప్పుకునే ముందు నాలుగైదు సూటి ప్రశ్నలు అడిగి ఉంటే ఈ సంగతి అప్పుడే తెలిసేది.

మన పెద్దవాళ్లకి ఈ ప్రశ్న తట్టకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర మెడికల్ కాలేజీ అంటే దానికి తోడుగా ఆస్పత్రి ఉన్నట్టే లెక్క. ఉస్మానియాలో చేరితే ఉస్మానియా జనరల్ హాస్పిటల్, గాంధీలో చేరితే గాంధీ ఆస్పత్రి, విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీలో చేరితే కేజీహెచ్. పోస్టింగులు ఎక్కడ అని విడిగా అడగాల్సిన పనే లేదు. అమెరికాలో డీఓ కాలేజీల్లో ఎక్కువ వాటికి సొంత ఆస్పత్రి ఉండదు. మొదటి రెండేళ్లు క్యాంపస్‌లో చదువు చెప్పి, తర్వాతి రెండేళ్లకి బయటి హాస్పిటళ్లతో, ప్రైవేటు డాక్టర్లతో ఒప్పందాలు చేసుకుని పిల్లల్ని అక్కడికి పంపుతారు. టూర్‌లో చూపించే అనాటమీ ల్యాబ్, సిమ్యులేషన్ సెంటర్, అద్దాల లైబ్రరీ, ఇవన్నీ ఎక్కువగా మొదటి రెండేళ్లకి పనికొచ్చేవి. మిగతా సగం ఎక్కడ జరుగుతుందో టూర్‌లో కనపడదు, అడిగితేనే తెలుస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. డీఓ అంటే రెండో తరగతి డాక్టరు అన్న అపోహ మనవాళ్లలో ఇంకా ఉంది, దాన్ని పక్కన పెట్టేయండి. 1892లో ఆండ్రూ టేలర్ స్టిల్ మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టారు. ఇప్పుడు 40కి పైగా కాలేజీలు, 60కి పైగా క్యాంపస్‌లు ఉన్నాయి, దేశంలో మెడికల్ విద్యార్థుల్లో నాలుగో వంతుకు పైగా డీఓ కాలేజీల్లోనే ఉన్నారు. 2020 నాటికి ఎండీ, డీఓ రెసిడెన్సీలన్నీ ఏసీజీఎమ్ఈ అనే ఒకే గుర్తింపు సంస్థ కిందికి వచ్చేశాయి. 2025 మ్యాచ్‌లో ఆఖరి ఏడాది డీఓ విద్యార్థుల్లో 92.6 శాతం మందికి సీటు దొరికింది, అమెరికా ఎండీ విద్యార్థుల్లో 93.5 శాతం మందికి. కాబట్టి అసలు తేడా డీఓకీ ఎండీకీ మధ్య కంటే ఒక డీఓ కాలేజీకీ ఇంకో డీఓ కాలేజీకీ మధ్య ఎక్కువ, అందులోనూ ఒకే కాలేజీ రొటేషన్లకి పంపే ఒక సైటుకీ ఇంకో సైటుకీ మధ్య ఎక్కువ.

కాలేజీలు ఇంత వేగంగా పెరిగాయి కానీ నేర్పే హాస్పిటళ్లు ఆ వేగంతో పెరగలేదు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఒక వార్డులో ఒక టీమ్ ఇద్దరు ముగ్గురు విద్యార్థులకి మించి సరిగ్గా నేర్పలేదు. ఆ జాగా కోసం ఎండీ కాలేజీలు, డీఓ కాలేజీలు, కరీబియన్ కాలేజీలు, నర్స్ ప్రాక్టీషనర్, పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) కోర్సులు అన్నీ పోటీపడుతున్నాయి. 2007లో కరీబియన్ దేశమైన గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆస్పత్రులతో పదేళ్లకి 10 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది, తమ విద్యార్థులకి రొటేషన్ జాగాల కోసమే. అంత డబ్బు పెట్టి కొనుక్కునే చోట ఒక కొత్త కాలేజీ ఏటా 150 మందిని ఎక్కడ సర్దుతుంది అన్నది న్యాయమైన ప్రశ్న, మొహమాటం లేకుండా అడగొచ్చు.

ఏర్పాట్లు ఎన్ని రకాలు

మొదటిది, కాలేజీకి దగ్గరి సంబంధమున్న పెద్ద టీచింగ్ హాస్పిటల్. టల్సాలో ఓక్లహోమా స్టేట్ డీఓ కాలేజీకి ఓఎస్‌యూ మెడికల్ సెంటర్ ఉంది. ఫోర్ట్‌వర్త్‌లో టీకామ్ అనే టెక్సాస్ డీఓ కాలేజీ విద్యార్థులు వెళ్లే చోట్లలో జేపీఎస్ అనే కౌంటీ హాస్పిటల్ ఉంది, అక్కడి ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. రాష్ట్ర ప్రభుత్వ డీఓ కాలేజీల్లో ఇలాంటి బలం ఎక్కువ కనిపిస్తుంది, ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకి ఫీజు కూడా తక్కువే. ఇలాంటి చోట సీటు వస్తే రొటేషన్ల విషయంలో సగం టెన్షన్ తీరినట్టే.

రెండోది బేస్ హాస్పిటల్ పద్ధతి. మూడో ఏడాదంతా, లేదా దాదాపు అంతా, ఒకే హాస్పిటల్‌కి లేదా ఒకే ప్రాంతానికి మిమ్మల్ని కేటాయిస్తారు. మిషిగన్ స్టేట్ డీఓ కాలేజీ చాలా కాలంగా రాష్ట్రమంతటా ఉన్న హాస్పిటళ్లతో ఇలా నడుపుతోంది. వెస్ట్ వర్జీనియా కాలేజీ రాష్ట్రాన్ని ప్రాంతాలుగా విడగొట్టి పంపుతుంది. వీకామ్ అనే డీఓ కాలేజీ కూడా తన క్యాంపస్‌లకి చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఇలాగే సైట్లు పెట్టుకుంది. నా దృష్టిలో ఇది చాలామందికి సరిపోయే పద్ధతి. ఒకే చోట ఏడాది ఉంటే నర్సులకి మీ పేరు తెలుస్తుంది, కంప్యూటర్ పాస్‌వర్డ్ కోసం ప్రతి నెలా తిరగక్కర్లేదు, సర్జన్ మిమ్మల్ని రెండోసారి చూసినప్పుడు కుట్టు వేయనిస్తాడు. కాకపోతే ఆ ఒక్క హాస్పిటల్ బాగుంటేనే ఇదంతా. బాగోకపోతే ఏడాదంతా పోయినట్టే.

మూడోది ప్రిసెప్టర్ పద్ధతి, అంటే టీమ్ ఏమీ లేకుండా ఒక ప్రైవేటు డాక్టరు వెంట ఉండటం. దీని గురించి కింద ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మోసపోయేదీ ఇక్కడే, అనవసరంగా భయపడేదీ ఇక్కడే.

నాలుగోది చెల్లాచెదురు పద్ధతి. ఈ నెల ఒక ఊరు, వచ్చే నెల మూడు గంటల దూరంలో ఇంకో ఊరు, కొన్ని రొటేషన్లు విద్యార్థే ఫోన్లు చేసి వెతుక్కోవాలి. ఇంటర్వ్యూలో దీన్ని స్వేచ్ఛ అని, మీకు నచ్చిన ఊళ్లో చేసుకోవచ్చు అని చెప్తారు. నాలుగో ఏడాది ఎలెక్టివ్‌ల (విద్యార్థి తనే ఎంచుకునే రొటేషన్ల) విషయంలో అది నిజమే, అందరూ అలాగే చేసుకుంటారు. కోర్ రొటేషన్లు, అంటే మెడిసిన్, సర్జరీ, పీడియాట్రిక్స్, ఓబీ (కాన్పుల విభాగం), సైకియాట్రీ, ఫ్యామిలీ మెడిసిన్, ఇవి కూడా విద్యార్థే వెతుక్కోవాలంటే అది కాలేజీ చేయాల్సిన పనిని మీ నెత్తిన పెట్టడమే. నేనైతే ఆ ఒక్క కారణంతో ఆ కాలేజీని జాబితా అడుగుకి దించేస్తాను.

వీటిలో దేనికీ చెందని ఒకటి కూడా ఉంది. అరిజోనా రాష్ట్రంలో మేసాలోని ఏటీ స్టిల్ యూనివర్సిటీ వారి సోమా అనే డీఓ కాలేజీ పిల్లల్ని రెండో ఏడాది నుంచే దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకి పంపుతుంది. బీదవాళ్లకి వైద్యం చేయాలని, ప్రైమరీ కేర్‌లోనే ఉండాలని గట్టిగా అనుకునే పిల్లలకి అది మంచి దారి. ఇంకా ఏమీ తేల్చుకోని పిల్లలు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

రెసిడెంట్లు ఉన్న చోటు, లేని చోటు

ఇంటర్నల్ మెడిసిన్ రొటేషన్‌లో ఒక మామూలు ఉదయం ఎలా ఉంటుందో చెప్తాను. రెసిడెంట్లు (రెసిడెన్సీ శిక్షణలో ఉన్న డాక్టర్లు) ఉన్న హాస్పిటల్లో విద్యార్థి ఆరు, ఆరున్నరకల్లా వచ్చి తనకిచ్చిన ఇద్దరు ముగ్గురు పేషెంట్లని చూస్తాడు. ఒకాయన రాత్రి డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో (షుగరు వ్యాధిలో రక్తంలో ఆమ్లం పేరుకుపోయి) వచ్చాడనుకోండి. రాత్రంతా ఇన్సులిన్ డ్రిప్ నడిచింది, తెల్లవారుజామున ల్యాబ్ వచ్చింది. అయాన్ గ్యాప్ (ఆ ఆమ్లం తగ్గిందో లేదో చెప్పే లెక్క) మూసుకుందా, పొటాషియం ఎంత ఉంది, డ్రిప్ ఆపేముందు చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్ ఎప్పుడు మొదలుపెట్టాలి, అసలు ఈయనకి ఇలా ఎందుకైంది, ఇన్ఫెక్షనా, మందు కొనుక్కోలేక మానేశాడా, ఇవన్నీ రౌండ్స్‌కి ముందే తనే ఆలోచించుకుని రావాలి. ఇంటర్న్ (మొదటి ఏడాది రెసిడెంట్) పక్కన కూర్చుని ఈ లైన్ ఇలా రాయి అని చూపిస్తుంది. అటెండింగ్ ముందు చెప్పేటప్పుడు తప్పు చెప్తే సీనియర్ రెసిడెంట్ సరిదిద్దుతాడు. మధ్యాహ్నం లెక్చర్ ఉంటుంది. సాయంత్రానికి నోట్ రాసి, దాన్ని ఎవరో ఒకరు చదివి, తప్పులు చెప్తారు. వచ్చే ఏడాదిన్నరలో ఇంటర్న్‌గా తను చేయాల్సిన పని ఇదే, దాన్ని కళ్లముందు చేసి చూపించేవాళ్లు ఉన్నారు.

అదే రొటేషన్ రెసిడెంట్లు లేని చోట, ఒక డాక్టరు గారి క్లినిక్‌లో జరిగితే తొమ్మిదింటికి మొదలవుతుంది. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పి, మందుల రీఫిల్. డాక్టరు గారు మంచివారైతే మిమ్మల్ని ముందు గదిలోకి పంపి, మీరు చూసొచ్చి చెప్పాక మీతో కలిసి మళ్లీ చూస్తారు. అప్పుడు మీరు నేర్చుకునేది తక్కువేమీ కాదు, ఒక మనిషిని మూడు నెలల తేడాతో రెండుసార్లు చూడటం వార్డులో దొరకదు. ఆయనకి రోజుకి పాతికమంది పేషెంట్లుండి తీరిక లేకపోతే మాత్రం మీరు ఆయన వెనక గోడకి ఆనుకుని నిలబడతారు, నాలుగు వారాలు అలాగే గడిచిపోతాయి. రెండు సందర్భాల్లోనూ కాలేజీ కాగితం మీద ఒకటే రాసుంటుంది: ఇంటర్నల్ మెడిసిన్, పూర్తయింది.

అందుకని ప్రిసెప్టర్ అన్న మాట వినగానే వద్దనుకోకండి. ఫ్యామిలీ మెడిసిన్‌కి, ఔట్ పేషెంట్ పీడియాట్రిక్స్‌కి, డెర్మటాలజీ లాంటి ఎలెక్టివ్‌లకి ఒక్కరి దగ్గర ఉండటమే మేలు. సర్జరీలో కూడా రెసిడెంట్లు లేని చిన్న హాస్పిటల్లో విద్యార్థికి ఫస్ట్ అసిస్ట్‌గా సర్జన్‌కి ఎదురుగా నిలబడే అవకాశం దొరుకుతుంది, పెద్ద హాస్పిటల్లో మూడో వరసలో నిలబడి రిట్రాక్టర్ పట్టుకోవడం కంటే అది చాలా నయం. ఇంటర్నల్ మెడిసిన్ దగ్గర మాత్రం నేను రాజీపడను. కనీసం ఒక పూర్తి ఇన్‌పేషెంట్ రొటేషన్, రెసిడెంట్లున్న టీమ్‌తో, మూడో ఏడాదిలోనే జరగాలి. అది లేకుండా నాలుగో ఏడాది ఆడిషన్‌కి (చేరాలనుకునే రెసిడెన్సీ ఉన్న చోట చేసే రొటేషన్‌కి) వెళ్తే మొదటి రెండు వారాలు పద్ధతి అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. మీ పని చూసి రెసిడెన్సీ సీటుకి మాట సాయం చేయాల్సినవాళ్లు ఆ రెండు వారాలనే గుర్తుపెట్టుకుంటారు.

నోట్ రాయడం గురించి ఇంకో మాట. విద్యార్థులు రాసింది బిల్లింగ్‌కి పనికిరాదు కాబట్టి రాయనివ్వం అని కొన్ని సైట్లలో ఇప్పటికీ చెప్తుంటారు. మెడికేర్ నియమం 2018లోనే మారింది. టీచింగ్ ఫిజిషియన్ తను కూడా పేషెంటుని చూసి, సరిచూసి సంతకం పెడితే విద్యార్థి నోట్‌ని వాడుకోవచ్చు. కాబట్టి ఫలానా సైటులో విద్యార్థులకి చార్టులో రాసే అనుమతి ఉందా అన్నది అడగదగ్గ ప్రశ్నే. లేదు అంటే ఆ చోట బోధన మీద ఎంత శ్రద్ధ ఉందో అంచనా వేసుకోవచ్చు.

కాలేజీ చెప్పింది నిజమో కాదో ఎలా తెలుస్తుంది

వెబ్‌సైటులో మ్యాప్ మీద వంద చుక్కలు పెట్టి వంద హాస్పిటళ్లతో ఒప్పందం ఉంది అని రాస్తారు. వాటిలో కొన్ని ఏటా ఇద్దరినే తీసుకుంటాయి, కొన్ని నాలుగో ఏడాది ఎలెక్టివ్‌లకి మాత్రమే. కాబట్టి హాస్పిటళ్లు ఎన్ని అని అడక్కండి. కోర్ రొటేషన్లు జరిగే సైట్ల పేర్లు, ఒక్కో సైటుకి పోయిన ఏడాది ఎంతమంది వెళ్లారో, ఆ జాబితా అడగండి. చాలా కాలేజీలు ఇస్తాయి. ఆ జాబితా చేతికొచ్చాక ఏసీజీఎమ్ఈ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగే వెతుకుడు పేజీ ఉంటుంది, ఊరి పేరు పెట్టి ఆ హాస్పిటల్లో ఏయే రెసిడెన్సీలున్నాయో చూడండి. ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ ఒక్కటే ఉన్న హాస్పిటల్‌నీ, మెడిసిన్, సర్జరీ, ఓబీ, ఎమర్జెన్సీ అన్నీ ఉన్న హాస్పిటల్‌నీ కాలేజీ బ్రోచర్ ఒకే మాటతో టీచింగ్ హాస్పిటల్ అంటుంది. ఒక సాయంత్రం కూర్చుంటే పోయే పని ఇది, ఇంటర్వ్యూ రోజు విన్న అరగంట ప్రెజెంటేషన్ కంటే ఎక్కువ చెప్తుంది.

తర్వాత మూడో, నాలుగో ఏడాది విద్యార్థులతో మాట్లాడండి. ఇంటర్వ్యూ రోజు మిమ్మల్ని తిప్పి చూపించేది ఎక్కువగా మొదటి, రెండో ఏడాది పిల్లలు, వాళ్లింకా రొటేషన్లకి వెళ్లలేదు, వాళ్లకి తెలిసింది మీకు తెలిసినంతే. అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ రాసి, మీ నాలుగో ఏడాది విద్యార్థులు ఇద్దరితో మాట్లాడించండి అని అడగండి. వాళ్లని రొటేషన్లు బాగున్నాయా అని అడిగితే బాగున్నాయనే అంటారు, ఎవరి కాలేజీని వాళ్లు తక్కువ చేసుకోరు. ఓబీలో నువ్వు స్వయంగా ఎన్ని కాన్పుల్లో చెయ్యి పెట్టావు అని అడగండి. మెడిసిన్‌లో రోజుకి ఎంతమంది పేషెంట్లని సొంతంగా చూసుకున్నావు, నోట్ ఎవరు చదివి సరిదిద్దారు, ఆఖరి నిమిషంలో రద్దైన రొటేషన్ ఏదైనా ఉందా, ఉంటే కాలేజీ ఎన్ని రోజుల్లో వేరే చోటు చూపించింది, సిఫార్సు లేఖలు ఎవరి దగ్గర దొరికాయి. ఇలా అడిగితే జవాబులు వాటంతటవే బయటికొస్తాయి. ఓబీ గురించి మరీ గట్టిగా అడగండి, చిన్న ఊళ్లలో చాలా హాస్పిటళ్లు కాన్పు వార్డులు మూసేస్తున్నాయి. ఓబీ రొటేషన్ అని పంపినచోట కాన్పులే జరగకపోతే అది ఆఫీసు విజిట్లకే పరిమితమవుతుంది.

లాటరీ, ఇళ్లు, డబ్బు

ఫిలడెల్ఫియాలోనో డాలస్‌లోనో సీటొచ్చింది, ఇంట్లోంచే వెళ్లొస్తుంది అని సంతోషపడే తల్లిదండ్రులు చాలామంది. ఆ ఇంటి నుంచి వెళ్లడం రెండేళ్లకే గ్యారంటీ. మూడో ఏడాది సైట్లని లాటరీతో కేటాయించే కాలేజీలున్నాయి, ప్రాధాన్యాలు రాయించుకుని సర్దేవి ఉన్నాయి, పెళ్లైనవాళ్లకి, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చేవి ఉన్నాయి. పద్ధతి ఏదైనా కాగితం మీద ఉండాలి. మొదటి మూడు కోరికల్లో ఒకటి ఎంతమందికి దక్కింది అన్న లెక్క కాలేజీ దగ్గర ఉంటుంది, అడిగితే చెప్పే కాలేజీని నమ్మొచ్చు.

నెలనెలా ఊరు మారితే ఖర్చు మామూలుగా ఉండదు. ఒకచోట అద్దె కడుతూనే ఇంకోచోట నెలకి గది తీసుకోవాలి, కారు తప్పనిసరి, ప్రతి కొత్త హాస్పిటల్‌కీ మళ్లీ టీబీ పరీక్ష, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఎన్95 మాస్కు కొలత, టీకాల కాగితాలు. ఇంతకుముందు ఈ ఖర్చంతా గ్రాడ్ ప్లస్ ఫెడరల్ లోన్‌లో కలిసిపోయేది. 2025లో వచ్చిన చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు మొదలుపెట్టేవాళ్లకి గ్రాడ్ ప్లస్ లేదు, మెడికల్ విద్యార్థులకి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లకి మించదు. చాలా ప్రైవేటు డీఓ కాలేజీల్లో ట్యూషనే ఆ పరిమితి దాటుతుంది. అంటే తిరుగుడు ఖర్చు ఇంట్లోంచి రావాలి, లేదా ప్రైవేటు లోన్ తీసుకోవాలి. రెండు కాలేజీల ఫీజుల్ని పోల్చేటప్పుడు మూడో, నాలుగో ఏడాది ఇంటద్దెలు, పెట్రోలు, ఆడిషన్ ప్రయాణాలు కూడా కలిపి రాసుకోండి. పల్లెటూరి సైట్లలో కొన్నిచోట్ల విద్యార్థులకి ఉచితంగా ఇల్లు ఇస్తారు, అది పెద్ద ఊరట. ఆ ఊళ్లలో మన కూరగాయలు దొరకవు, మన మనుషులు ఉండరు, చలికాలంలో ఒంటరిగా అనిపిస్తుంది, ఇది కూడా పిల్లలతో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. శాకాహారం తినే పిల్లలు ఒక రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్ కార్లో వేసుకుని వెళ్తుంటారు.

నాలుగో ఏడాది

ఇక్కడ చూడాల్సింది ముఖ్యంగా ఒక్కటే. ఆడిషన్ రొటేషన్లకి ఎన్ని నెలలు ఖాళీ ఉంది, అవి ఎప్పుడు మొదలవుతాయి. రెసిడెన్సీ అప్లికేషన్లు సెప్టెంబర్‌లో వెళ్తాయి. జూన్, జులై, ఆగస్టుల్లో వెళ్లిన ఆడిషన్లే సిఫార్సు లేఖల రూపంలో ఉపయోగపడతాయి. ఆ మూడు నెలల్లో కాలేజీ తప్పనిసరి రొటేషన్ ఏదైనా ఇరికిస్తే పిల్లలకి నష్టం. ఎమర్జెన్సీ మెడిసిన్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ విభాగం స్లో అనే ప్రత్యేక సిఫార్సు లేఖలు అడుగుతుంది, అవి రెసిడెన్సీ ఉన్న చోట రొటేషన్ చేస్తేనే బలంగా వస్తాయి. సొంత ఎమర్జెన్సీ రెసిడెన్సీ దగ్గరలేని కాలేజీ పిల్లలు బయట రెండు చోట్లకి వెళ్లాలి. ఆర్థోపెడిక్స్ లాంటి వాటిల్లో డీఓ పిల్లలకి ఆడిషనే ప్రధాన ద్వారం. బయటి ఎలెక్టివ్‌లకి అప్లై చేసే వీఎస్ఎల్ఓ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో కాలేజీ సభ్యత్వం ఉందో లేదో కూడా చూసుకోండి.

మార్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. డాక్టరు లైసెన్సు పరీక్షలు రెండు, యూఎస్ఎమ్ఎల్ఈ, డీఓల కోసం ఉన్న కోమ్లెక్స్; 2022 నుంచి స్టెప్ 1, లెవెల్ 1 రెండూ పాస్, ఫెయిలే. రెసిడెన్సీ వాళ్లు అంకెల్లో చూసేది స్టెప్ 2ని, లెవెల్ 2ని, ఇవి మూడో ఏడాది ఆఖర్లోనో ఆ తర్వాతో రాస్తారు. అంటే మూడో ఏడాది రొటేషన్ల నాణ్యత నేరుగా ఆ స్కోరులో తేలుతుంది. రొటేషన్ చివర కోమ్యాట్ పరీక్ష పెడతారా, ఎన్‌బీఎమ్ఈ షెల్ఫ్ పరీక్ష పెడతారా, లెవెల్ 2కి చదువుకోవడానికి విడిగా వారాలు ఇస్తారా, ఈ రెండూ అడిగితే చాలు.

మ్యాచ్ శాతం చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కాలేజీలు ఎక్కువగా చూపించేది ప్లేస్‌మెంట్ రేటు. మ్యాచ్ కాకుండా తర్వాత సోప్ అనే రెండో దశలో మిగిలిన సీట్లు పట్టుకున్నవాళ్లు కూడా అందులో కలుస్తారు. 98, 99 అని ఉంటే సంతోషమే, కానీ ఎవరు ఏ స్పెషాలిటీలో, ఏ హాస్పిటల్లో చేరారన్న జాబితాని మూడేళ్లది పక్కపక్కన పెట్టుకుని చూడండి. అందులో ఆ కాలేజీ సొంత సైట్ల పేర్లు మళ్లీమళ్లీ కనిపిస్తే మంచి గుర్తు, రొటేషన్‌లో చూసిన పిల్లల్నే హాస్పిటళ్లు తీసుకుంటున్నాయన్నమాట.

సైటు మూతపడితే?

ఇది జరగని విషయం కాదు. 2019లో ఫిలడెల్ఫియాలో హానిమన్ హాస్పిటల్ మూతపడినప్పుడు 500 మందికి పైగా రెసిడెంట్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు, అక్కడ నేర్చుకుంటున్న విద్యార్థులూ వేరే చోట్లకి పోవాల్సొచ్చింది. 2024లో స్టీవార్డ్ సంస్థ దివాలా తీసి మసాచుసెట్స్‌లో రెండు హాస్పిటళ్లు మూసేసింది. ఒక్క హాస్పిటల్ మీద ఆధారపడిన కాలేజీకి ఇది పెద్ద దెబ్బ. ఒప్పందం ఎన్నేళ్లది, ఎన్నేళ్లుగా సాగుతోంది, అదే సైటుకి ఇంకెన్ని కాలేజీల పిల్లలు వస్తున్నారు అని అడగండి. కొత్త కాలేజీలకి ఈ జవాబులు సహజంగానే బలహీనంగా ఉంటాయి. మొదటి రెండు బ్యాచ్‌లు మ్యాచ్ అయ్యేదాకా కొత్త కాలేజీ చెప్పేవి ఆశలే, అవి నిజాయితీగా చెప్పే ఆశలే అయినా సరే.

ఇంకొకటి మన సమాజంలోనే వినిపించే మాట: మాకు తెలిసిన డాక్టరు గారున్నారు, వాళ్ల క్లినిక్‌లో రొటేషన్ పెట్టించుకుంటాం. మనవాళ్లలో డాక్టర్లు ఎక్కువ, సాయం చేసే మనసూ ఉంది, అది నిజంగా గొప్ప ఆస్తి. దాన్ని నాలుగో ఏడాది ఎలెక్టివ్‌కి, కాలేజీలో చేరకముందు షాడోయింగ్‌కి (డాక్టరు వెంట ఉండి చూడటానికి) వాడుకోండి. కోర్ రొటేషన్లకి వాడకండి. కాలేజీకీ ఆ క్లినిక్‌కీ రాతపూర్వక ఒప్పందం లేకుండా అసలు కుదరదు, కుదిరినా బాబాయ్ గారి స్నేహితుడు మీ తప్పుని ముఖం మీద చెప్పరు, ఆయన రాసే లేఖకి రెసిడెన్సీ వాళ్ల దగ్గర బరువూ తక్కువే.

ఇక రెండు సీట్లు చేతిలో ఉంటే నేనెలా తేలుస్తానో చెప్తాను. ఒకటి మీ రాష్ట్ర ప్రభుత్వ డీఓ కాలేజీ, ఇంకోటి ఎక్కువ ఫీజున్న ప్రైవేటు కాలేజీ అయితే, రాష్ట్ర కాలేజీ సైట్లలో రెసిడెంట్లుంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, దానికే వెళ్లండి. ఒకటి ఇంటికి దగ్గర, కొత్తది, ఎక్కువ ప్రిసెప్టర్ల మీద నడిచేది, ఇంకోటి దూరం, పాతది, బేస్ హాస్పిటల్ ఉన్నది అయితే దూరానిదే నా ఓటు, అమ్మానాన్నలకి కష్టమైనా. సర్జరీ, ఆర్థో, ఎమర్జెన్సీ, రేడియాలజీ లాంటివి మనసులో ఉంటే ఆ విభాగం రెసిడెన్సీ ఉన్న సైటుకి మీరు వెళ్లే అవకాశం ఎంతో చూసి దాన్నిబట్టే తేల్చండి. ఫ్యామిలీ మెడిసిన్, సైకియాట్రీ, పీడియాట్రిక్స్ అని గట్టిగా అనుకుంటే ఫీజు తేడాకి ఎక్కువ విలువివ్వండి. మంచి ఇన్‌పేషెంట్ మెడిసిన్ రొటేషన్ ఒకటి ఖాయంగా ఉంటే మిగతావి ప్రిసెప్టర్ల దగ్గరైనా నష్టం లేదు. రెండూ ఒకేలా అనిపిస్తే, సైట్ల జాబితా అడిగినప్పుడు ఎవరు ముందు, ఎవరు పూర్తిగా ఇచ్చారో వాళ్లని ఎంచుకోండి. రేపు రొటేషన్ రద్దైనప్పుడు ఫోన్ ఎత్తాల్సింది కూడా ఆ ఆఫీసే.

డిపాజిట్ కట్టే గడువుకి కనీసం రెండు వారాల ముందు ఈ ప్రశ్నలతో మెయిల్ పంపండి. అడ్మిషన్స్ ఆఫీసుకి ఒకటి, క్లినికల్ ఎడ్యుకేషన్ ఆఫీసుకి ఇంకోటి. కోర్ సైట్ల జాబితా, ఒక్కో సైటులో జాగాలు, కేటాయించే పద్ధతి, విద్యార్థి సొంతంగా వెతుక్కోవాల్సిన వారాలు ఎన్ని, జూన్ నుంచి ఆగస్టు దాకా నాలుగో ఏడాది క్యాలెండర్, ఈ ఐదూ ఒకే మెయిల్లో అడగొచ్చు. మెయిల్ పిల్లల పేరుతోనే వెళ్లాలి, తల్లిదండ్రుల పేరుతో కాదు.